తలుపు తీయాలా, వద్దా?

పిల్లలూ! ఇంటికి తలుపు ఎందుకు? ఈ ప్రశ్న వేస్తే, "దొంగలు రాకుండా" అని మీలో సగంమంది చప్పున చెబుతారు. "మనం లోపలికీ బయటికీ తిరగటానికి" అని మిగతా సగంమంది అంటారు. రెండూ నిజమే. దొంగను ఆపాలి, ఇంటివాణ్ణి ఆపకూడదు. అదీ తలుపు చెయ్యవలసిన పని. కాని తలుపుకు కళ్లు లేవు. గడియ పడి ఉంటే అది దొంగనూ ఆపుతుంది, ఇంటి యజమానినీ ఆపుతుంది. మూడేళ్ల కుర్రవాడు ఆడుకుంటూ గదిలోకి పోయి, లోపల గడియ పెట్టుకుని, తీయటం చాతకాక ఏడుస్తూ ఉంటే, తల్లీ తండ్రీ ఇరుగుపొరుగువారూ బయట చేరి, "పైకెత్తు నాన్నా, పైకి!" అని అరవటం మీరు చూసే ఉంటారు. ఆ తలుపు దొంగకోసం చేసినదే. ఆ క్షణాన అది ఇంటివాళ్లకే శత్రువయింది.

ఇప్పుడు నేను చెప్పబోయేది అటువంటి తలుపు కథే. అయితే ఆ తలుపు నేలమీద ఉండదు. పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానంలో, ప్రయాణీకులకూ విమానం నడిపేవారికీ మధ్య ఉంటుంది. దాన్ని ఎంత గట్టిగా చెయ్యాలి, ఎవరికి తీయాలి, ఎవరికి తీయకూడదు అని ఇంజనీర్లూ ప్రభుత్వాలూ ఎన్నో ఏళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నారు.

పెద్ద విమానం లోపలి భాగం పొడుగాటి గొట్టంలాగా ఉంటుంది. ఆ గొట్టం ముందు కొసన, విమానం ముక్కులో, ఒక చిన్న గది ఉంటుంది. ఇద్దరు పైలట్లు పక్కపక్కన కూచుని అక్కణ్ణించే విమానాన్ని నడుపుతారు. ఎడమ కుర్చీలో కూచునేవారు కెప్టెన్. విమానానికంతకూ వారిదే మాట. కుడి కుర్చీలో ఉండేవారు సహ పైలట్. (మగవాళ్లే అనుకోకండి. ఇవాళ మన దేశంలో కెప్టెన్లయిన ఆడవారు చాలామందే ఉన్నారు.) ఆ గదిని కాక్‌పిట్ అంటారు. ఈ ఇంగ్లీషు మాటకు మొదటి అర్థం ఏమిటో తెలుసా? కోడిపందేల బరి! సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోళ్లను దింపుతారే, అటువంటి బరి. ఆ మాట ముందు ఓడల్లోకి ఎక్కి, అక్కణ్ణించి విమానాల్లోకి ఎగిరింది.

ప్రయాణీకుడిలాగా విమానం ఎక్కి, దారిలో ఆయుధం చూపి, "నేను చెప్పిన చోటికి పోనీ!" అని బెదిరించటాన్ని హైజాకింగ్ అంటారు. ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. 1931 ఫిబ్రవరిలో, దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, అరెకిపా అనే ఊళ్లో బైరన్ రికార్డ్స్ అనే అమెరికా పైలట్ తన మూడింజన్ల విమానాన్ని దించాడు. అప్పుడక్కడ తిరుగుబాటు జరుగుతున్నది. తిరుగుబాటుదార్లు తుపాకులతో ఆయన్ని చుట్టుముట్టి, తాము చెప్పిన చోటికి విమానం నడపమన్నారు. రికార్డ్స్ ససేమిరా అన్నాడు. పది రోజులు గడిచాయి. ఆయన పట్టు విడవలేదు. చివరకు తిరుగుబాటు నెగ్గటంతో వాళ్లే ఆయన్ని వదిలిపెట్టారు. విచిత్రమేమంటే, ముప్ఫై ఏళ్ల తరవాత, 1961లో, అదే రికార్డ్స్ అమెరికాలో పెద్ద జెట్ విమానం నడుపుతూ మరోసారి హైజాకర్ల చేతిలో పడ్డాడు. ఆసారీ క్షేమంగానే బయటపడ్డాడు!

తుపాకులు ఉన్నవాళ్లు అంతమంది కలిసి, తుపాకీ లేని ఒక్క మనిషిని ఎందుకు లొంగదీయలేకపోయారు? వాళ్లకు విమానం నడపటం రాదు గనక. పైలట్‌ను చంపితే వాళ్లకు మిగిలేది కదలని రేకుల పెట్టె. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన కథకు ఇదే కీలకం.

దీనికి ఇంకా గొప్ప నిదర్శనం ఒకటి ఉంది. 1986 సెప్టెంబరు 5న, బొంబాయినించి వచ్చిన పాన్ అమెరికన్ సంస్థ విమానం కరాచీలో ఆగి ఉన్నది. నలుగురు సాయుధులు విమానాశ్రయపు భద్రతా సిబ్బంది వేషంలో వచ్చి లోపలికి జొరబడ్డారు. అది బోయింగ్ 747. ఆ రకం విమానంలో కాక్‌పిట్ మేడమీద ఉంటుంది. పరిచారికలు రహస్య సంకేతంతో కబురు పైకి అందించారు. వెంటనే పైలట్లు కాక్‌పిట్ కప్పుకు ఉన్న అత్యవసర ద్వారం తెరుచుకుని కిందికి జారిపోయారు.

"ప్రయాణీకుల్ని వదిలేసి పారిపోయారా! పిరికివాళ్లు!" అని మీకు కోపం రావచ్చు. తొందరపడకండి. వాళ్లు పోవటంతో ఆ విమానం నేలకు అతుక్కుపోయింది. దాన్ని ఎక్కడికీ తీసుకుపోవటం హైజాకర్ల తరం కాలేదు. ఆ రాత్రి వాళ్లు ప్రయాణీకులమీద కాల్పులు జరిపారు. విమాన పరిచారికలకు పెద్ద అయిన నీర్జా భానోత్ అనే అమ్మాయి, ఇంకా ఇరవైమూడు ఏళ్లు నిండనిది, అత్యవసర ద్వారం దగ్గర ఉండి కూడా తాను దిగక ఇతరులను దించుతూ ప్రాణాలు పోగొట్టుకున్నది. మన ప్రభుత్వం ఆమెకు అశోకచక్రం ఇచ్చింది. ఆనాడు కొందరు చనిపోయారు. కొన్ని వందలమంది బతికారు. విమానం గాలిలోకి లేచి ఉంటే కథ ఇంకెలా ఉండేదో!

సరే, పైలట్ చేతిలో ఇంత బలం ఉన్నప్పుడు, తలుపు వేసుకుని లోపల కూచోవచ్చు గదా అని మీరు అడుగుతారు. అంత సులువు కాదు. తలుపుకు ఇవతల ఏముంది? ప్రయాణీకులు ఉన్నారు. "తలుపు తీస్తావా, ఇతన్ని చంపమంటావా?" అని హైజాకర్ అరుస్తాడు. వాడి చేతిలో ఉన్నది నిజమైన తుపాకో కాదో పైలట్‌కు కనిపించదు. 1971 జనవరి 30న శ్రీనగర్‌నించి జమ్మూ పోతున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం "గంగ"ను ఇద్దరు యువకులు లాహోరుకు మళ్లించారు. వాళ్ల దగ్గర ఉన్నవి ఏమిటనుకున్నారు? ఒక బొమ్మ తుపాకి, కర్రతో చేసిన గ్రెనేడు! ప్రయాణీకులను వదిలిపెట్టిన తరవాత విమానాన్ని తగలబెట్టారు. దాని పర్యవసానంగా మన ప్రభుత్వం పాకిస్తాన్ విమానాలను మన దేశం మీదుగా ఎగరనివ్వటం మానేసింది. రెండు బొమ్మలు రెండు దేశాల మధ్య ఆకాశాన్నే మూసేశాయన్నమాట.

తలుపు తీయనివాళ్లు లేకపోలేదు. 1970 సెప్టెంబరు 6న ఆమ్‌స్టర్‌డాంనించి న్యూయార్కు పోతున్న ఎల్ ఆల్ విమానంలో ఇద్దరు హైజాకర్లు లేచి తలుపు తీయమన్నారు. ఎల్ ఆల్ ఇజ్రాయెల్ దేశపు సంస్థ. రెండేళ్ల కిందటే దాని విమానం ఒకటి హైజాక్ అయింది కనక, వాళ్లు జాగ్రత్తపడి ఉన్నారు. కెప్టెన్ ఉరీ బార్‌లెవ్ తలుపు తీయలేదు సరికదా, ఉన్నట్టుండి విమానాన్ని నిటారుగా కిందికి దూకించాడు. ప్రయాణీకులు బెల్టులు పెట్టుకుని కుర్చీల్లో ఉన్నారు. హైజాకర్లు నిలబడి ఉన్నారు. బస్సు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ల గతి ఏమవుతుందో మీకు తెలుసు గదా! హైజాకర్లు తూలిపోయారు, లోపలివాళ్లు వాళ్లను పట్టుకున్నారు. ఆ రోజే మరి కొన్ని విమానాలను కూడా హైజాక్ చేశారు. వాటిలో ఒక్కరూ ఇంత సాహసం చెయ్యలేదు.

బార్‌లెవ్‌ను మెచ్చుకుందాం. కాని మిగతా పైలట్లను తప్పు పట్టటానికి లేదు. ఆ కాలంలో పైలట్లకు నేర్పిన పాఠమే వేరు. "వాడు అడిగినట్టు చెయ్యి. ఎదురు తిరగకు. మెల్లిగా ఎక్కడో ఒకచోట దించు. తరవాత మాటలతో సర్దుబాటు చేద్దాం." ఇదీ ఆ పాఠం. చాలాసార్లు ఇది ఫలించింది కూడా. 1968, 1972 మధ్య ఒక్క అమెరికాలోనే నూటముప్ఫైకి పైగా హైజాకింగులు జరిగాయి. చాలామంది దొంగలు క్యూబాకు పొమ్మని అడిగేవాళ్లు, ప్రయాణీకులు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఇళ్లు చేరేవాళ్లు. దీనికి విరుగుడు తలుపు దగ్గర కాదు, విమానాశ్రయం గుమ్మం దగ్గరే వెతికారు. 1973 జనవరినించి అమెరికాలో ప్రతి ప్రయాణీకుణ్ణీ, ప్రతి చేతిసంచినీ తనిఖీ చెయ్యటం మొదలుపెట్టారు. శంషాబాదులో విమానం ఎక్కబోయే ముందు మీరు చేతులు చాచి నిలబడతారే, దాని పూర్వకథ ఇదే.

మరి ఆ కాలపు కాక్‌పిట్ తలుపు ఎలా ఉండేది? తడిక అంటే నయం. గట్టిగా ఒక తన్ను తంతే ఊడిపోయేది. ఇందులో ఇంజనీర్ల తెలివితక్కువ ఏమీ లేదు. విమానంలో ప్రతి కిలో బరువూ ఇంధనం తింటుంది, అదీ ప్రతి రోజూ. ప్రమాదం జరిగితే పైలట్లు ఆ తలుపును తోసుకుని బయటపడాలి, వాళ్లు గాయపడితే బయటివాళ్లు లోపలికి పోయి లాగాలి. అన్నిటికన్నా పెద్ద కారణం గాలి. దాని సంగతి తరవాత చెబుతాను. పైగా ఆ రోజుల్లో ఎన్నో విమానాల్లో పరిచారికలు పిల్లల్ని కాక్‌పిట్‌లోకి తీసుకుపోయి చూపించేవారు. ఆకాశంలో ఎగురుతూ ఉండగానే! మీ నాన్నగారో, తాతగారో అటువంటి భాగ్యానికి నోచుకున్నారేమో అడిగి చూడండి.

ఆ పాఠమూ ఆ తడికా మన దేశానికి ఎంత నొప్పి కలిగించాయో 1999లో తెలిసింది. డిసెంబరు 24న ఖాట్మండునించి ఢిల్లీ వస్తున్న ఐ.సి.814 విమానాన్ని అయిదుగురు హైజాక్ చేశారు. కెప్టెన్ దేవీ శరణ్ ఇంధనం చాలదని వాళ్లకు చెప్పి అమృతసర్‌లో దించాడు. అక్కణ్ణించి లాహోరు, ఆ తరవాత దుబాయి వైపు, చివరకు ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్. ఒక ప్రయాణీకుణ్ణి దారిలోనే చంపేశారు. ఎనిమిదో రోజున, డిసెంబరు 31న, మన ప్రభుత్వం చెరలో ఉన్న ముగ్గుర్ని వదిలిపెట్టాక మిగిలినవారు విడుదల అయ్యారు. మరుసటి సంవత్సరంనించే మన విమానాశ్రయాల కాపలాను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి ఒక్కొక్కటిగా అప్పగించసాగారు. కాని తలుపు మాత్రం ఇంకా పాత తలుపే.

2001 సెప్టెంబరు 11న పాత లెక్క తలకిందులయింది. ఆ ఉదయం అమెరికాలో పందొమ్మిదిమంది నాలుగు విమానాలను హైజాక్ చేశారు. వాళ్ల దగ్గర ఉన్న ఆయుధాలు చిన్న చిన్న కత్తులు. అయితే వాళ్లలో నలుగురు ముందుగానే బడికి పోయి విమానం నడపటం నేర్చుకుని వచ్చారు. "పైలట్ లేనిదే హైజాకర్ చేతిలో ఉన్నది రేకుల పెట్టె" అని చెప్పాను చూడండి, ఆ మాట ఆ రోజుతో చెల్లకుండా పోయింది. వాళ్లు పైలట్లను లొంగదీయలేదు, తొలగించారు. రెండు విమానాలు న్యూయార్కులోని జంట భవనాలనూ, ఒకటి వాషింగ్టన్ దగ్గర సైనిక కార్యాలయాన్నీ ఢీకొన్నాయి. నాలుగోదానిలోని ప్రయాణీకులు ఫోన్లలో మిగతావాటి సంగతి విని తిరగబడ్డారు. అది పెన్సిల్వేనియాలో ఒక బయలులో కూలింది. అందులోని వారంతా పోయారుగాని, అది హైజాకర్లు అనుకున్న చోటికి చేరలేదు. మొత్తంమీద ఆనాడు దాదాపు మూడువేలమంది చనిపోయారు.

ఆ తరవాత పాఠం పూర్తిగా మారింది. ఇవతల ఏమి జరిగినా సరే, ఎవరు ఎంత ఏడ్చినా సరే, తలుపు తీయకూడదు. దగ్గరలో ఉన్న విమానాశ్రయంలో దించెయ్యాలి. వినటానికి కఠినంగా ఉంది గదూ? కాని ఆ తలుపు వెనక ఉన్నది ఒక్క విమానం కాదు, అది పడబోయే ఊరు కూడా.

ఇక కొత్త తలుపు. అమెరికాలో 2003 ఏప్రిల్ 9 కల్లా పెద్ద విమానాలన్నిటికీ గట్టి తలుపులు అమర్చాలన్నారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అదే ఏడు నవంబరు 1నించి, అరవైమందికన్న ఎక్కువ ప్రయాణీకులు పట్టే విమానాలకూ, నలభై అయిదున్నర టన్నులకు మించిన విమానాలకూ ఇది తప్పనిసరి చేసింది. ఈ తలుపు తుపాకి గుండు తగిలినా తూటు పడకూడదు. దానిమీద 300 జౌళ్ల దెబ్బ పడినా ఊడకూడదు. 300 జౌళ్లంటే ఎంత? ఇరవైఅయిదు కిలోల బియ్యం బస్తాను నూటఇరవై సెంటీమీటర్ల ఎత్తునించి వదిలితే నేలకు తగిలే దెబ్బ సుమారు అంత. (తొమ్మిదో తరగతివారు కాగితం తీసుకుని సరిచూడండి.) పిడి పట్టుకుని నూటపదమూడు కిలోల బరువుకు సమానమైన బలంతో గుంజినా అది రాకూడదు.

"అంతేగదా! ఉక్కు తలుపు పెట్టి మూసేస్తే సరి!" అంటారు మీరు. ఇందాక దాటవేసిన గాలి సంగతి ఇప్పుడు చెప్పాలి.

పది కిలోమీటర్ల ఎత్తున బయటి గాలి చాలా పలచన. ఆ గాలి పీలిస్తే ఒక నిమిషంలోపల మనిషికి ఒళ్లు తెలియకుండా పోతుంది. అందుకని విమానంలోకి గాలిని ఒత్తి నింపుతారు. లోపలి గాలి బయటి గాలికన్న ప్రతి చదరపు సెంటీమీటరుమీదా అర కిలో ఎక్కువ బలంతో నెడుతూ ఉంటుంది. అర కిలో ఎంత, గుప్పెడు వంకాయలు! కాని కాక్‌పిట్ తలుపు అరవై సెంటీమీటర్ల వెడల్పు, నూటఎనభై ఎత్తు అనుకోండి. హెచ్చవేస్తే పదివేల ఎనిమిదివందల చదరపు సెంటీమీటర్లు. దానిలో సగం కిలోలు, అంటే అయిదు టన్నులకు పైన. ఒక పెద్ద మగ ఏనుగు బరువన్నమాట.

మామూలుగా తలుపుకు రెండు పక్కలా గాలి ఒకటే కనక ఏనుగు కనిపించదు. కాని కాక్‌పిట్ అద్దం ఒకటి ఊడిపోతే? ఇది ఉత్త ఊహ కాదు. 2018 మే 14న చైనాలో సిచువాన్ ఎయిర్‌లైన్స్ విమానానికి సరిగ్గా అలాగే జరిగింది. సహ పైలట్ సగం శరీరం అద్దంలోంచి బయటికి పోయింది. కెప్టెన్ లియు చువాన్‌జియాన్ ఆ చలిలో, ఆ హోరులో విమానాన్ని చెంగ్దూలో దించి అందర్నీ కాపాడాడు. అటువంటప్పుడు కాక్‌పిట్ గాలి క్షణంలో బయటికి పోతుంది. వెనక ప్రయాణీకుల గదిలోని గాలి ఏనుగై వచ్చి తలుపుమీద పడుతుంది. తలుపు మొండికేస్తే ఆ బలం గోడను చీలుస్తుంది, లేదా మరోచోట దారి చేసుకుంటుంది. 1974 మార్చి 3న పారిస్ దగ్గర ఒక టర్కీ విమానంలో సామాన్ల గది తలుపు ఊడి కింది గదిలో గాలి పోగా, పైగదిలోని గాలి బరువుకు నేల కుంగింది. విమానాన్ని తిప్పే తీగలు ఆ నేలకింద ఉన్నాయి. అవి తెగి 346 మంది మరణించారు.

కనక కొత్త తలుపు మనిషి తోస్తే కదలకూడదు, గాలి తోస్తే వెంటనే దారి ఇవ్వాలి! ఈ పొడుపుకథను ఇంజనీర్లు ఎలా విప్పారో చూడండి. కాక్‌పిట్‌లో గాలి ఒత్తిడి కొలిచే చిన్న పరికరాలు పెట్టారు. మనిషి ఎంత బాదినా గాలి ఒత్తిడి మారదు. ఒత్తిడి చటుక్కున పడిపోయిందంటే అది అద్దం పగిలిన పనే గాని దొంగ పని కాదు. పరికరం ఆ తేడా పసికట్టి తలుపు గడియలను విడిచేస్తుంది. మొదట్లో తలుపుకు కళ్లు లేవన్నాను. ఇది దానికి పెట్టిన ముక్కు అనుకోండి. ఇదిగాక తలుపులో ఒక పలక ఉంటుంది. తలుపు ఇరుక్కుపోతే పైలట్లు దాన్ని తోసుకుని బయటికి రావచ్చు. ఆ పలక లోపలినించి మాత్రమే ఊడుతుంది. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చినవి ఈ రెండూను.

గడియ ఎలా పనిచేస్తుందో కూడా తెలుసుకోండి. ఎయిర్‌బస్ విమానాల్లో మూడు విద్యుత్ గడియలు ఉంటాయి. బయట అంకెల మీటలు ఉంటాయి. పరిచారిక మీట నొక్కితే లోపల గంట మోగుతుంది. పైలట్ తలుపు అవతల ఉన్నది ఎవరో కెమెరాలోనో, కంతలోంచో చూసి తీస్తాడు. మరి పైలట్లిద్దరూ స్పృహ తప్పితే? 2005 ఆగస్టు 14న సైప్రస్‌నించి ఏథెన్స్ పోతున్న హీలియోస్ సంస్థ విమానంలో అంత పనీ జరిగింది. గాలి నిండక పైలట్లు కూచున్నచోటే ఒరిగిపోయారు, విమానం తనంతట తాను తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి కూలింది. ఇటువంటి ఆపదకోసమే పరిచారికలకు ఒక రహస్య సంఖ్య తెలిసి ఉంటుంది. అది నొక్కితే లోపల బూర మోగుతుంది. కొన్ని సెకన్లదాకా లోపలివారు పలకకపోతే తలుపు తెరుచుకుంటుంది. సరే, హైజాకర్ పరిచారిక మెడమీద కత్తి పెట్టి ఆ సంఖ్య చెప్పించుకుంటే? అందుకు లోపల ఇంకో మీట. పైలట్ దాన్ని నొక్కితే బయటి అంకెలు కొన్ని నిమిషాలపాటు చచ్చినట్టే. ఆఖరి మాట ఎప్పుడూ లోపలివారిదే.

ఇదంతా ఒక నమ్మకంమీద కట్టిన కోట. మంచివాళ్లు లోపల, చెడ్డవాళ్లు బయట అని ఆ నమ్మకం. అది తారుమారయితే?

2014 ఫిబ్రవరి 17న ఇథియోపియా విమానం ఒకటి రోముకు పోతూండగా, కెప్టెన్ మరుగుదొడ్డికి వెళ్లాడు. సహ పైలట్ లోపల గడియ వేసుకుని విమానాన్ని స్విట్జర్లాండులోని జెనీవాకు తీసుకుపోయి దించాడు. అద్దంలోంచి తాడు వేసుకుని దిగి, "నాకు ఇక్కడ ఆశ్రయం ఇప్పించండి" అన్నాడు! లోపల ఉన్న రెండువందలమందికీ ఏమీ కాలేదు. ఇటలీ, ఫ్రాన్సు యుద్ధవిమానాలు ఈ విమానం వెంట వచ్చాయి. స్విట్జర్లాండు విమానాలు మాత్రం లేవలేదు. ఎందుకంటే అది తెల్లవారుజాము. ఆ రోజుల్లో స్విస్ వైమానిక దళం ఆఫీసు వేళల్లోనే పనిచేసేది! ఆ తరవాత వాళ్లు రాత్రింబగళ్లు సిద్ధంగా ఉండే ఏర్పాటు చేసుకున్నారు లెండి.

మరుసటి సంవత్సరం జరిగినది మాత్రం నవ్వుకునేది కాదు. పెద్దలు పక్కన ఉండగా చదవండి. 2015 మార్చి 24న స్పెయిన్‌లోని బార్సెలోనానించి జర్మనీకి పోతున్న జర్మన్‌వింగ్స్ విమానంలో కెప్టెన్ కాసేపు బయటికి వచ్చాడు. సహ పైలట్ మనసు జబ్బుతో బాధపడుతున్నాడు. పనికి పోవద్దని డాక్టర్లు రాసి ఇచ్చిన చీటీలు ఆ సంస్థకు చేరలేదు. అతను తలుపు మూసేసి విమానాన్ని ఆల్ప్స్ కొండల వైపు దించసాగాడు. కెప్టెన్ గంట మోగించాడు, పిలిచాడు, తలుపు బాదాడు. కాని అది 2001 తరవాతి తలుపు. దాన్ని చేసినవారు ఎంత బాగా చేశారో అంత బాగా అది ఆపింది. లోపల ఉన్న 150 మందీ మరణించారు.

అప్పుడు ఐరోపా విమాన భద్రతా సంస్థ మూడు రోజుల్లోనే ఒక సలహా ఇచ్చింది: కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, ఒక పైలట్ బయటికి వస్తే ఒక పరిచారిక లోపలికి పోయి కూచోవాలి. అమెరికాలో ఈ ఆచారం అప్పటికే ఉన్నది. ఏడాది తిరిగేసరికి ఐరోపా దీన్ని సడలించింది, 2017లో జర్మనీ సంస్థలు మానేశాయి కూడా. తలుపు ఎక్కువసార్లు తీయవలసి వస్తున్నది, అది దొంగకు అవకాశం, అని వాళ్ల వాదం. నాకు మాత్రం ఇద్దరు ఉండటమే మేలనిపిస్తుంది. రెండో మనిషి విమానం నడపక్కర్లేదు. తలుపు తీయగలిగితే చాలు.

ఇంతకన్న ముఖ్యమైన మార్పు మరొకటి జరిగింది, అది తలుపుకు సంబంధించింది కాదు. పైలట్లు జబ్బు ఎందుకు దాచుకుంటారు? చెబితే ఉద్యోగం పోతుందనీ, చదువుకు చేసిన అప్పు తీరదనీ భయం. అందుకని పైలట్లు తమ మనసులోని కష్టాన్ని తోటి పైలట్లతో గుట్టుగా చెప్పుకుని సహాయం పొందే ఏర్పాటు ప్రతి సంస్థా చెయ్యాలని ఐరోపాలో 2018లో నియమం పెట్టారు. పెద్దలు ఈ సంగతి గమనించాలి. కాలు విరిగితే సెలవు పెట్టినట్టే మనసు బాగులేనప్పుడు కూడా సెలవు అడగగలగాలి. ఒక డాక్టరు, ఒక స్నేహితుడు, ఒక సెలవు చీటీ ఆ ఉక్కు తలుపుకన్న ముందే పని చెయ్యవలసినవి.

దొంగ విషయం మాత్రం మరిచిపోలేదు. తలుపు ఎంత గట్టిదయినా పైలట్లకు మరుగుదొడ్డి అవసరం ఉంటుంది, కాఫీ కావాలి. ఆ కొద్ది సెకన్లు తలుపు తెరిచి ఉంటుంది. కొన్ని విమానాల్లో ఆ సమయాన పరిచారికలు భోజనాల బండిని అడ్డంగా పెట్టి తాము నిలబడతారు. మీరు గమనించే ఉంటారు. బండికి బదులు తెరలాగా లాగి బిగించే రెండో అడ్డు ఉండాలని పైలట్ల సంఘాలు చాలాకాలంగా అడిగాయి. కొత్తగా తయారయ్యే పెద్ద ప్రయాణీకుల విమానాలకు అది ఉండాలని 2023లో అమెరికా నియమం చేసింది. ఇప్పటికే ఎగురుతున్న విమానాలకు అది వర్తించదు. ఎందుకు వర్తించకూడదో నాకు బోధపడదు. దొంగ విమానం వయసు చూసి ఎక్కడు గదా!

ఇంకొక్క మాట. మన దేశంలో 2016 నాటి హైజాకింగ్ నిరోధక చట్టం ప్రకారం, విమానం ఎత్తుకుపోతామని నమ్మేటట్టు బెదిరించటం కూడా నేరమే. కనక విమానంలో "బాంబు", "హైజాక్" అన్న మాటలతో వేళాకోళాలు వద్దు. అన్నగారితో పందెం కోసం కూడా వద్దు.

ఈసారి విమానం ఎక్కితే ఆ తలుపును చూడండి. ఎక్కేటప్పుడు అది తరచు తెరిచే ఉంటుంది. పక్కన అంకెల మీటలూ, తలుపులో చూపు కంతా, పైన కెమెరా కనిపిస్తాయేమో గుర్తుపట్టండి. చెయ్యి మాత్రం వెయ్యకండి. పరిచారికను మర్యాదగా అడిగితే, కెప్టెన్‌కు తీరిక ఉంటే, లోపలికి తొంగి చూడనిస్తారు. అయితే వ్యవధి తక్కువ. విమానం బయటి తలుపులన్నీ మూసిన క్షణంనించి, దిగటానికి వాటిలో ఒకటి తెరిచేదాకా, కాక్‌పిట్ తలుపు గడియ వేసి ఉండాలని అంతర్జాతీయ నియమం. ఎక్కేటప్పుడు వెనకవాళ్లు తోస్తూ ఉంటారు కనక, దిగేటప్పుడు అడగటం మంచిది.